పరిమళపు కొవ్వొత్తులు: ఏ మొక్క మైనం మన ఇంటికి తగును?

తెలుగువారు ఈ వస్తువుకు పెట్టుకున్న పేరులోనే దాని పుట్టుక ఉన్నది. కొవ్వు, వత్తి కలిసి కొవ్వొత్తి అయినది. జంతువుల కొవ్వును కరిగించి నూలువత్తి చుట్టూ పేర్చగా ఏర్పడిన వస్తువుకు అంతకంటె తగిన పేరు లేదు. మన ఇళ్ళలో ప్రమిద, నువ్వులనూనె, ఆముదం ఉన్నందున కొవ్వొత్తితో అవసరం చాలాకాలం కలుగలేదు. తరువాతి రోజులలో కరెంటు పోయినప్పుడు అలమరలో వెదికి వెలిగించుకునే తెల్లని వత్తిగా మాత్రమే దానిని ఎరుగుదుము. నేడు అది వేషం మార్చి వచ్చినది. గాజుపాత్రలో, మూతతో, మల్లె, చందనం, లావెండరు వాసనలతో, దీపావళి కానుకగానో గృహప్రవేశపు బహుమతిగానో నరసరావుపేట మొదలు మాచర్ల వరకు ఇళ్ళలోనికి ప్రవేశించినది. పెట్టె మీద "వృక్షజన్య మైనంతో తయారైనది" అని ముద్రించి ఉంటున్నది. కొన్నింటి మీద "ఆయుర్వేద" శబ్దం కూడా కనిపిస్తున్నది.

ఆ శబ్దం కనిపించినందువలననే కాబోలు, వైద్యశాలకు వచ్చే గృహిణులు ఈ మధ్య తరచుగా అడుగుతున్నారు. "సోయా మైనం మంచిదా, కొబ్బరి మైనం మంచిదా? పిల్లలున్న గదిలో వెలిగించవచ్చునా?" అని. ఈ రెండు ప్రశ్నలు వేరు వేరు. మొదటిదానికి సమాధానం పల్నాటి ఎండ చెబుతుంది. రెండవదానికి సమాధానం మైనంలో లేదు; వత్తిలో, వాసనలో, తలుపులో ఉన్నది.

మైనం అనదగినవి, అనరానివి

మైనమంటే మనకు తేనెపట్టు మైనమే. శాస్త్రంలో దానికి సిక్థకమనీ మధూచ్ఛిష్టమనీ పేర్లు. తేనె పిండుకోగా మిగిలినది గనుక మధూచ్ఛిష్టం. పాదాల పగుళ్ళకు చరకుడు చెప్పిన జీవంత్యాది యమకంలోను, వాతరక్తపు మంటలకు వాడే పిండతైలంలోను ఇది ముఖ్యద్రవ్యం. ఒక పాలు మైనానికి ఐదారు పాళ్ళ నువ్వులనూనె చేర్చి కరిగిస్తే సిక్థతైలమవుతుంది. చలికాలంలో పెదవులకు, మడమలకు ఇంతకంటె సులువైన లేపనం నేను చూడలేదు. నల్లమలలో చెంచులు తేనెతో పాటు తెచ్చే మైనం ఇందుకు శ్రేష్ఠం. అయితే ఇది కీటకజన్యం గనుక వృక్షజన్యమైన వాటి లెక్కలోనికి రాదు. పోల్చి చూచేందుకు మాత్రం దీనిని కొలబద్దగా ఉంచుకుందాము. ఇది 62 నుండి 64 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగుతుంది.

రసాయనశాస్త్రం చెప్పే నిజమైన మైనాలు మొక్కలలోను ఉన్నవి. బ్రెజిల్ దేశపు కార్నౌబా అనే తాటిజాతి చెట్టు తన ఆకుల నుండి నీరు ఆవిరైపోకుండా వాటిపై ఒక మైనపు పొర కప్పుకుంటుంది. ఆకులను ఎండబెట్టి దులిపితే అది పొడిగా రాలుతుంది. మెక్సికో ఎడారిలో పెరిగే కాండెలిల్లా అనే పొద, మన జెముడు జాతికి చుట్టము, కాడల మీద ఇటువంటి పొరనే ధరిస్తుంది. మనకు మరింత దగ్గరిది వరి తవుడు. తవుడు నూనెను శుద్ధి చేసేటప్పుడు నూనెను మసకబరిచే గట్టి పదార్థమొకటి వేరుపడుతుంది. అదే తవుడు మైనం.

ఇక బజారులో సోయా మైనం, పామ్ మైనం, కొబ్బరి మైనం అని వచ్చేవి ఖచ్చితంగా చెప్పవలెనంటే మైనాలు కావు. అవి కొవ్వులు. సోయా నూనెకు నికెల్ అనే లోహపు సాయంతో హైడ్రోజన్ వాయువును చేర్చితే అది గడ్డకడుతుంది. మన వంటింటిలోనికి వనస్పతి నెయ్యి ఏ దారిలో వచ్చినదో సోయా మైనం కూడా ఆ దారిలోనే వచ్చినది. అమెరికాలో 1990ల తొలి సంవత్సరాలలో దీనిని కొవ్వొత్తులకు వాడటం మొదలైనది. మిగులుతున్న సోయా పంటకు అదొక గిరాకీ అయినది. అందుచేత దీనితో చేసిన వత్తిని మైనపువత్తి అనడం కంటె కొవ్వొత్తి అనడమే సరి. మన పూర్వులు పెట్టిన పేరు మళ్ళీ నిజమైనదన్నమాట.

ఇది కేవలం మాటల పట్టింపు కాదు. కొవ్వులో గ్లిజరిన్ ఉంటుంది, పారఫిన్‌లో ఉండదు. గ్లిజరిన్ అతిగా వేడెక్కితే కళ్ళు మండించే, గొంతు పట్టే ఆవిరి పుడుతుంది. దానిని ఆక్రోలిన్ అంటారు. బాణలిలో నూనె మాడినప్పుడు వంటింటిలో అందరినీ దగ్గించే ఘాటు దానిదే. పూర్వపు జంతుకొవ్వు వత్తులను ఆర్పినప్పుడు వచ్చిన దుర్వాసన కూడా అదే. ఫ్రాన్సు దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు షెవ్రూల్ 19వ శతాబ్ది తొలి పాదంలో కొవ్వు నుండి గ్లిజరిన్‌ను వేరుచేయడం ఎలాగో చూపినాడు. ఆ విధంగా మిగిలిన స్టియరిక్ ఆమ్లంతో చేసిన వత్తులకు 1825లో ఆయన, గే-లుస్సాక్ కలిసి హక్కులు పొందారు. ఆ వత్తులు గట్టివి, కంపులేనివి. తరువాత ముడిచమురు నుండి పారఫిన్ చవకగా రావడంతో ఇళ్ళన్నీ దానికి మళ్ళినవి.

నేటి సోయా వత్తిలో గ్లిజరిన్ తిరిగి వచ్చినది. వత్తి సక్రమంగా, స్థిరంగా మండుతున్నంతసేపు అదంతా దగ్ధమై బొగ్గుపులుసు గాలిగా, నీటియావిరిగా మారిపోతుంది, భయం లేదు. మంట ఎగిసి పొగవచ్చినప్పుడు, ఊది ఆర్పినప్పుడు మాత్రం ఆ ఘాటు కొంత వెలువడుతుంది. కనుక "మొక్కనుండి వచ్చినది, దీని పొగ నిరపాయం" అనే మాటకు ఆధారం లేదు.

రెంటచింతల ఎండ పెట్టే పరీక్ష

వేసవిలో రాష్ట్రంలోకెల్ల అత్యధిక ఉష్ణోగ్రత ఎక్కడ నమోదైనదని వార్త వస్తే అందులో రెంటచింతల పేరు వినని తెలుగువారు అరుదు. ఈ ప్రాంతంలో మే నెలలో పాదరసం 45 డిగ్రీలు దాటడం వింత కాదు. అది నీడలో కొలిచిన లెక్క. రేకుల కప్పు కింద, పడమటి గోడకు ఆనించిన అలమరలో, ఎండలో ఆపిన మోటారుబండిలో వేడి అంతకు మించుతుంది. చలిదేశాలలో పుట్టిన కొవ్వొత్తుల లెక్కలు ఇక్కడ పనిచేయవు. అక్కడి పుస్తకాలలో కొబ్బరి మైనానికి అగ్రపీఠం వేస్తారు. మెత్తగా కరుగుతుందనీ, వాసనను చక్కగా విడుదల చేస్తుందనీ. కొబ్బరినూనె 24 డిగ్రీలకే కరుగుతుందని మన ఇంటి సీసా ప్రతి సంక్రాంతికి చెబుతూనే ఉన్నది. దానికి హైడ్రోజన్ చేర్చి గట్టిపరిచినా 36 డిగ్రీల దరిదాపులలోనే కరుగుతుంది. గురజాలలో ఏప్రిల్ నాటికి అది పాత్రలో నూనెయై ఉంటుంది. కనుక కొబ్బరి మైనపు వత్తి అని అమ్మేవాటిలో వేరే గట్టి మైనం తప్పక కలిసి ఉంటుంది. ఏది కలిపారో పెట్టె మీద చదవవలెను. వ్రాయకపోతే అది పారఫిన్ కావచ్చును.

గాజుపాత్రలలో పోసే సోయా మైనం సుమారు 49 నుండి 57 డిగ్రీల మధ్య కరుగుతుంది. అంటే మన వేసవికి అది అంచు మీద నిలబడి ఉన్నట్టే. కరగకపోయినా మెత్తబడుతుంది, పైన నూనెచుక్కలు చెమటలా తేలుతాయి. అవి చాలావరకు పరిమళ తైలపు చుక్కలు. కొరియరు బండిలో ఒక మధ్యాహ్నం ప్రయాణం చేసి వచ్చిన వత్తిని మూత తీసి చూస్తే వత్తి ఒకవైపుకు ఒరిగి, మైనం మరొకవైపు జారి కనిపించడానికి కారణమిదే. పాత్ర లేకుండా స్తంభంలా నిలిపే వత్తికి సోయా ఒక్కటే ఎంతమాత్రం చాలదు.

పామ్ మైనం ఇంతకంటె గట్టిది. 55 నుండి 60 డిగ్రీల వరకు ఓర్చుకుంటుంది. చల్లారేటప్పుడు ఈక వంటి, మంచుపువ్వు వంటి నమూనాలు దానిపై సహజంగా ఏర్పడతాయి, చూపుకు అందం. ఆయిల్‌పామ్ మనకు పరాయి పంట కాదు. దేశంలో ఆ తోటలు ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. ఏలూరు దగ్గర పెదవేగిలో దాని పరిశోధన కేంద్రం 1995 నుండి పనిచేస్తున్నది. ఇండోనేషియా, మలేషియా దేశాలలో ఈ తోటల కోసం మహారణ్యాలు నరికారన్న ఆక్షేపణ మాత్రం నిజమైనదే. దిగుమతి సరుకు కొనేవారు ఆ సంగతి గుర్తుంచుకొనదగును.

తవుడు మైనం 75 నుండి 82 డిగ్రీల వరకు కరగదు. కార్నౌబా 82 మొదలు 86 డిగ్రీలు. మనకు తెలిసిన ఆముదం కూడా ఈ వరుసలో నిలుస్తుందంటే కొందరికి ఆశ్చర్యం కలుగవచ్చును. ఆముదానికి హైడ్రోజన్ చేర్చితే 85 డిగ్రీల వరకు చలించని తెల్లని గట్టి పదార్థమవుతుంది. దానిని ఆముదపు మైనమంటారు. ప్రపంచంలో ఆముదాలు అత్యధికంగా పండించే దేశం మనదే. ఈ మూడింటిలో ఏదీ ఒంటరిగా మంచి వత్తి కాదు. గట్టిదనం ఎక్కువైనప్పుడు మంట చుట్టూ సరిపడా మైనం కరగక వత్తి మునిగి ఆరిపోతుంది. మెత్తని మైనానికి బలమిచ్చే తోడుగా నూటికి ఐదు మొదలు పదిహేను పాళ్ళ వరకు వాడితేనే వాటి గుణం.

మలబారు తీరపు తెల్లడామరు చెట్టు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. దాని గింజల నుండి తీసిన కొవ్వుతో పూర్వం అక్కడ వత్తులు చేసేవారు. ఆ చెట్టు బంకనే కొందరు వైద్యులు సర్జరసంగా గ్రహించి ధూపానికి, లేపనానికి వాడుతారు. దీపానికి కొవ్వు, ధూపానికి బంక రెండూ ఒకే చెట్టు ఇచ్చినది. ఆ కొవ్వు కూడా 40 డిగ్రీల లోపే కరుగుతుంది గనుక మన పల్నాటికి పనికిరాదు. కేరళ వానలలో చెల్లుతుంది.

మొత్తం మీద ఎండను ఒక్కదానినే లెక్కకు తీసుకుంటే, ఏడాది పొడవునా గాజుపాత్రలో నిలిచేందుకు సోయాకు తవుడు మైనం తోడైన మిశ్రమాన్ని నేను ముందు ఉంచుతాను. పామ్ మైనం దాని తరువాతది. శుద్ధమైన కొబ్బరి మైనం చలికాలపు సరదా మాత్రమే.

ఒకే గ్రంథంలో పొగ మందు, పొగే రోగకారణం

సువాసనగల వత్తిని వెలిగించడం పాశ్చాత్యుల నుండి నేర్చినదని కొందరనుకుంటారు. చరకసంహిత సూత్రస్థానం ఐదవ అధ్యాయంలో ధూమవర్తుల ప్రకరణమున్నది. ఔషధద్రవ్యాలను నూరి రెల్లుపుల్లకు పట్టించి, ఆరిన తరువాత పుల్లను లాగివేసి, బోలుగా మిగిలిన వర్తికి నెయ్యి పూసి వెలిగించవలెనని విధానం. అందులో స్నైహిక ధూమానికి చెప్పిన వర్తిలో కొవ్వు, నెయ్యి, మైనం మూడూ ఉన్నవి. నేటి పరిమళపు కొవ్వొత్తికి పూర్వీకుడెవరని అడిగితే నేను దీనినే చూపుతాను. కశ్యపసంహితలో బాలుర రక్షణకై ధూపకల్పమని ఒక అధ్యాయమే వెలసినది.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే వ్యాపారులకు సంతోషం. అయితే ఆ ప్రకరణం అక్కడితో ఆగలేదు. ఆ పొగను రాత్రంతా గదిలో నింపమని ఎక్కడా లేదు. దినంలో ఏయే వేళలలో పీల్చవలెనో చెప్పారు. ఒక్కొక్క పర్యాయానికి మూడేసి పీల్పులని లెక్క కట్టారు. పొగ నేరుగా తగలకుండా 24 మొదలు 36 అంగుళముల పొడవున్న గొట్టం గుండా, కణుపు కణుపునా వేడి తగ్గి రావలెనని నియమించారు. గర్భిణికి, విరేచనం చేసినవారికి, పిత్తరక్త దోషాలున్నవారికి, దప్పికతో ఉన్నవారికి నిషేధించారు. అతిగా వాడితే చెవుడు, చూపుమాంద్యం, రక్తపిత్తం, తలతిరుగుడు కలుగుతాయని ఆ దోషాలకు చికిత్స సైతం వ్రాసి పెట్టారు. అదే సంహిత చికిత్సాస్థానం పదిహేడవ అధ్యాయంలో శ్వాసరోగానికి కారణాలు చెప్పేచోట ధూళితో పాటు పొగను చేర్చినది. ఒకే గ్రంథం పొగను మందుగాను, రోగకారణంగాను చెప్పినప్పుడు తేడా ద్రవ్యంలో లేదు. మాత్రలో, కాలంలో, పీల్చే మనిషిలో ఉన్నది.

పల్నాటివారి ఊపిరితిత్తులకు ఇప్పటికే పని ఎక్కువ. మిరప కల్లాల ఘాటు, పత్తి జిన్నింగు మిల్లుల నూగు, పిడుగురాళ్ళ సున్నపు బట్టీల ధూళి ఈ నేల మీద ఊపిరి పీల్చేవారికి తెలియనివి కావు. ఆ పైన ఇంటిలో కూడా పొగ పెట్టుకుంటున్నామా అన్నది ఆలోచించవలసిన సంగతి.

ఒక దంపతులు తమ ఆరేండ్ల కుమారుని తీసుకొని వచ్చారు. పగలంతా ఆటపాటలలో ఉండే బాలుడు రాత్రి పదకొండు దాటగానే దగ్గుతో లేచి కూర్చుంటున్నాడు. పిల్లికూత వినిపిస్తున్నది. కఫం ఎక్కువని తల్లి పెరుగు మాన్పించినది, అరటిపండు మాన్పించినది. పడకగదిలో శీతల యంత్రం ఉన్నది. తలుపు కింద సందులో గుడ్డ దోపుతున్నారు. బాలుడు హాయిగా నిద్రపోవలెనని లావెండరు వాసనగల సోయా కొవ్వొత్తిని రోజూ రెండు గంటలు వెలిగిస్తున్నారు. "మొక్కలతో చేసినదేనండీ, ఆయుర్వేదమే కదా" అన్నది ఆ తల్లి. వత్తి మానుమన్నాను. పడుకోబోయే ముందు అరగంట కిటికీ తెరిచి ఉంచమన్నాను. ఊపిరి పరీక్షకు, పీల్చుడు మందుకు ఛాతీ వైద్యుని వద్దకు కూడా పంపాను. తమకశ్వాసలో ఆ మందును మానిపించడం నా మతం కాదు. మూడు వారాలలో రాత్రి దగ్గు బాగా తగ్గినది. మందుకెంత భాగం, కిటికీకెంత భాగం అని విడదీసి చెప్పలేము. వత్తిని మాత్రం వారు మళ్ళీ వెలిగించలేదు.

కాటుక పరీక్ష

వృక్షజన్య తైలం మసిపట్టదని పెట్టెల మీద వ్రాస్తున్నారు. మన అమ్మమ్మలు వింటే నవ్వుదురు. ఆముదపు దీపం మీద రాగిపళ్ళెం బోర్లించి, పట్టిన మసిని నెయ్యితో రంగరించి కాటుక చేసినవారు వారే గదా! ఆముదం మొక్కది కాదా? ఏ తైలమైనా, ఏ మైనమైనా గాలి చాలనప్పుడు మసి చేస్తుంది. మండేది గట్టి మైనం కాదు, దాని ఆవిరి. 1860-61 శీతకాలంలో లండనులో ఫారడే బాలలకు కొవ్వొత్తి మీద చెప్పిన ఉపన్యాసాలలో, ఆర్పిన వత్తి నుండి లేచే తెల్లని పొగకు అగ్గిపుల్ల చూపి మంటను తిరిగి వత్తి మీదికి దూకించి ఈ సంగతే నిరూపించాడు. వత్తి పొడవుగా ఉంటే మండగలిగిన దానికంటె ఎక్కువ ఆవిరి పైకి లేస్తుంది. మండని మిగులే మసి.

అందుచేత రెండు కొవ్వొత్తులలో ఏది మేలో తెలుసుకొనుటకు ఇంటిలోనే పరీక్ష చేయవచ్చును. గాలివీచని చోట వత్తిని వెలిగించి, పది నిమిషాలు స్థిరపడనిచ్చి, మంటకు ఒక జానెడు ఎత్తున తెల్లని పింగాణీ పళ్ళెమును పావుగంట నిలుపవలెను. మంటకు తగిలేటట్లు పట్టుకుంటే ఏ వత్తి అయినా నల్లబరుస్తుంది గనుక ఆ దూరం తప్పరాదు. పళ్ళెము తెల్లగా నిలిస్తే మేలు. మసి పడితే, వత్తిని ఆర్పి చల్లారిన తరువాత అరసెంటీమీటరు మిగిలేటట్లు కత్తిరించి మళ్ళీ చూడవలెను. అప్పటికీ నల్లబడితే ఆ కొవ్వొత్తి ఇంటిలో వెలిగింపదగినది కాదు. చక్కగా కత్తిరించిన వత్తిగల మంచి పారఫిన్, పొడుగు వత్తిగల సోయాను ఈ పరీక్షలో ఓడించడం చూస్తారు.

వత్తి నూలుదై ఉండవలెను. అల్లిన నూలువత్తి మండుతూ కొన వంగి, మంట అంచుకు వచ్చి తానే కాలిపోతుంది. పూర్వం కొన్ని వత్తుల నడుమ సీసపు తీగ పెట్టేవారు. ఆ సీసం గాలిలో కలుస్తుందని తేలడంతో అమెరికాలో 2003లో నిషేధించారు. ఊరూ పేరూ లేని చవక వత్తులలో తీగ కనిపిస్తే కొనకపోవడమే మంచిది. పత్తి పండే నేల మీద కూర్చొని తీగవత్తి వెలిగించుకొనుట ఏమి ఖర్మము!

వాసన సంగతి

మైనంలో నూటికి ఆరు నుండి పది పాళ్ళ వరకు పరిమళద్రవ్యం కలపడం ఈ పరిశ్రమలో వాడుక. అంటే 200 గ్రాముల వత్తిలో 12 నుండి 20 గ్రాములు. ఒక చుక్క అత్తరుతో పెండ్లి పందిరి గుబాళించేదని తలచుకుంటే ఇది ఎంత అధికమో తెలుస్తుంది. మైనం సోయాదే కావచ్చు, వాసన మాత్రం చాలావాటిలో కృత్రిమమే. మల్లె, సంపెంగల అసలు తైలం వెల తెలిసినవారికి ఆ ధరలో వత్తి రాదని తెలుసు. సహజతైలమైనంత మాత్రాన అందరికీ పడుతుందనీ కాదు. నిమ్మ, నారింజ తొక్కల తైలంలోని లిమొనీన్ అనే ద్రవ్యం గాలిలోని ఓజోనుతో కలిసినప్పుడు ఫార్మాల్డిహైడు పుడుతుంది. ఉబ్బసం, పార్శ్వపు తలనొప్పి ఉన్నవారికి తీక్ష్ణగంధమేదైనా ప్రకోపకారణమే.

కర్పూరం కలిపిన వత్తులు కూడా వస్తున్నవి. కర్పూరం వేడికి కరగకుండానే ఆవిరయ్యే పదార్థం, భగ్గుమని అంటుకుంటుంది. దానిని హారతిపళ్ళెంలో క్షణకాలం వెలిగించడం వేరు, మైనంలో కలిపి గంటలకొద్దీ కాల్చడం వేరు. పసిపిల్లలు కర్పూరపు బిళ్ళ మింగితే మూర్ఛ వస్తుంది. అది ప్రాణాంతకమైన విషం. కనుక ఇంటిలో తయారుచేసేవారు కర్పూరం జోలికి పోరాదు.

ఇంటిలో చేసుకొనదలచినవారికి

సోయా మైనం 80 పాళ్ళు, తవుడు మైనం 15 పాళ్ళు, వృక్షజన్యమైన స్టియరిక్ ఆమ్లం 5 పాళ్ళు తూకం వేసుకొనవలెను. పెద్ద గిన్నెలో నీరు మరిగించి అందులో చిన్న గిన్నె నిలిపి, ముందు తవుడు మైనం, తరువాత మిగిలినవి వేసి, తేటపడేవరకు కలియబెట్టవలెను. పొయ్యి మంట మీద నేరుగా కాచరాదు. దించి, వేడి 70 డిగ్రీలకు దిగిన తరువాత, వంద గ్రాముల మైనానికి రెండు మూడు గ్రాములకు మించకుండా వట్టివేళ్ళ తైలమో చందన తైలమో కలుపవలెను. దళసరి గాజుపాత్రలోగాని స్టీలు గ్లాసులోగాని నూలువత్తిని నిటారుగా నిలిపి మెల్లగా పోయవలెను. మట్టిప్రమిద వాడవలెనంటే లోపల నిగనిగలాడే పూత ఉన్నదే వాడవలెను. పచ్చి మట్టి మైనాన్ని పీల్చుకొని, తుదకు ప్రమిద అంచే వత్తివలె అంటుకునే ప్రమాదమున్నది. ఒక వారం మూతపెట్టి ఉంచితే వాసన మైనంలో కుదురుకుంటుంది. మే నెలలో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. గది వేడికి మైనం సరిగా గడ్డకట్టదు.

తేనెపట్టు మైనం దొరికినవారు నాలుగు పాళ్ళ మైనానికి ఒక పాలు కొబ్బరినూనె చేర్చి ఇదే విధంగా చేయవచ్చును. దానికి వేరే పరిమళం అక్కరలేదు. నన్ను అడిగితే పూజగదికి దీనికంటె నువ్వులనూనె దీపమే చాలునంటాను. కార్తికమాసంలో వందల దీపాలు వెలిగించే మనకు కొవ్వొత్తితో పుణ్యం అదనంగా రాదు.

వెలిగించునప్పుడు ఒక కిటికీ తెరిచి ఉండవలెను. అయితే మంట గాలికి ఊగరాదు, ఊగితే మసి కడుతుంది. ఒకేసారి గంట, గంటన్నర చాలును. మొదటిసారి పైమైనమంతా అంచువరకు కరిగే దాకా ఉంచితే తరువాత నడుమ గుంట పడదు. నోటితో ఊది ఆర్పితే ఆ పొగంతా గదిలోనే నిలుస్తుంది. మూత పెట్టి ఆర్పవలెను, లేదా పుల్లతో వత్తి కొనను కరిగిన మైనంలో ముంచి లేపవలెను. పాత్ర అంతా అంటుకుంటే నీళ్ళు పోయరాదు, వేడిమైనం ఎగిరి చిమ్ముతుంది. మూతతోనో వెడల్పు పళ్ళెంతోనో కప్పవలెను. ఏడాది లోపు శిశువు, గర్భిణి, ఉబ్బసరోగి ఉన్న గదిలో ఏ మైనపు వత్తినైనా వెలిగించవద్దని నా సలహా. శీతల యంత్రం నడిచే మూసిన గదిలో ఎవరున్నా వద్దు.

వాసన కావాలి, పొగ వద్దు అనేవారికి వట్టివేళ్ళున్నవి. గుప్పెడు వేళ్ళు కడిగి పలుచని గుడ్డలో మూటకట్టి కుండనీటిలో వేస్తే తాగే నీటికే పరిమళం వస్తుంది. దప్పికను, పిత్తాన్ని అణచే గుణమూ ఉన్నది. తడిపిన వట్టివేళ్ళ తడిక పడమటి కిటికీకి కడితే వడగాలి చల్లబడి సువాసనతో వస్తుంది. మూటను మూడు రోజులకొకసారి ఎండబెట్టి, పదిహేను రోజులకొకసారి మార్చవలెను. తడికను సాయంత్రం విప్పి ఆరవేయకపోతే బూజు పట్టి, ఆ బూజే మళ్ళీ దగ్గు తెస్తుంది.